మెరక మీద మొదటి సమాధి

మా చర్చికి పైకప్పు వేసిన వేసవిలో, దాని పక్కన కంచె కట్టిన శ్మశానంలోకి వెళ్ళడానికి ఊళ్ళో ఒక్క శవమూ ఒప్పుకోలేదు. శవాల మాట వదిలేయండి, వాటి తాలూకు మనుషులు ఒప్పుకోలేదు.

ఐస్‌లాండు నుంచి ఈ డకోటా మైదానానికి వచ్చేటప్పుడు మేం పెట్టెల్లో సర్ది తెచ్చుకున్నది కొంచెం. పెట్టెల్లో పట్టనిది మాత్రం చాలానే తెచ్చుకున్నాం. అందులో వోకుమాదుర్ ఒకడు. వోకుమాదుర్ అంటే జాగారం మనిషి. కొత్త శ్మశానంలో మొట్టమొదట ఎవరిని పూడిస్తే వాళ్ళే జాగారం మనిషి అవుతారు. వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు హాయిగా నిద్రపోతారు, మట్టిలో మట్టి అయిపోతారు. మొదటి మనిషికి ఆ యోగం లేదు. ఒళ్ళు చివకదు, కన్ను మూతపడదు. లోకం ముగిసేదాకా అందరికీ కాపలాగా మేలుకుని ఉండాలి. చిన్నప్పుడు ఈ మాట వినని వాళ్ళు మాలో లేరు. నమ్ముతామని ఒప్పుకునేవాళ్ళూ లేరు.

చర్చి లేనన్నాళ్ళూ ఎవరి పొలంలో వాళ్ళు పూడ్చుకున్నాం కాబట్టి ఈ గొడవ రాలేదు. చర్చి కట్టించాలని అందరికన్నా ఎక్కువ ఊగిపోయినవాడు బెర్గుర్. అతను నా భర్త, చర్చి సంఘానికి పెద్ద. చర్చి లేచిన ఆ మెరక మా పొలంలోదే. ఇంట్లో నన్నూ, వాళ్ళమ్మ ఓద్నీనీ ఒక్క మాట అడక్కుండా దానమిచ్చి వచ్చి, ఇచ్చేశాక చెప్పాడు. మనిషి మంచివాడు. మంచిపనులన్నీ ఇలాగే చేసేవాడు.

జూన్‌లో ఇల్లుగి తాత పోయాడు. పాస్టర్ మాగ్నూస్‌గారు తెగ సంతోషపడ్డాడని చెబితే పాపం, కానీ ఆయన నడకలో తెలిసిపోయింది. కుర్ర పాస్టరు, చర్చి కొత్తది, తొలి అంత్యక్రియలు. మనుషుల్ని పెట్టి మెరక మీద గొయ్యి తవ్వించి, ఇల్లుగి భార్య రన్వేగ్ దగ్గరికి వెళ్ళాడు. శవాన్ని కడగడానికి సాయం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"పొద్దున్నే బండి పంపిస్తామమ్మా" అన్నాడు.

"ఎందుకయ్యగారూ బండి?" అంది రన్వేగ్.

"చర్చి దగ్గరికి. అంతా సిద్ధం చేశాం."

రన్వేగ్ చేతులు తుడుచుకుంది. "మా ఆయన సంగతి మీకు తెలీదు. కొత్తగా వచ్చారు. బతికినన్నాళ్ళూ నిద్రమొహం. గడ్డిమోపు కనబడితే చాలు, దానిమీద ఒరిగిపోయేవాడు. అలాంటివాడికి జాగారం ఉద్యోగమిస్తే మీ శ్మశానం ఏంగాను? తెల్లారేసరికి దెయ్యాలొచ్చి మీ కొత్త గేటు ఎత్తుకుపోతాయి."

పాస్టరుగారు మొహం ఎర్రగా చేసుకుని క్రైస్తవులు ఇలాంటివి నమ్మకూడదన్నాడు. "నమ్మటం లేదండీ" అంది రన్వేగ్. "నమ్మితే మా ఇంట్లో భయపడేవాళ్ళం. భయపడటం లేదుగా. మా కొట్టం వెనకాల పూడ్చుకుంటున్నాం, అంతే."

అలాగే పూడ్చుకున్నారు. మెరక మీద తవ్విన గొయ్యి అలాగే ఉండిపోయింది. పూడిస్తే ఓడిపోయినట్టవుతుందని పాస్టరుగారు పూడ్చనివ్వలేదు. దూడలు పడతాయని బెర్గుర్ దానిమీద పలకలు పరిచాడు. ఆదివారం ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళు ఆ పలకలకు ఆమడదూరంగా తిరిగి లోపలికి వెళ్ళేవాళ్ళు. లోపల కూర్చున్నాక కూడా నా చూపు కిటికీలోంచి అటే పోయేది. పాస్టరుగారు ఏం చెప్పాడో ఆ వేసవిలో ఒక్క ఆదివారం కూడా నా చెవిన పడలేదు.

నాకా భయం ఎందుకంటే, మా పొలంలోనూ ఒక సమాధి ఉంది. ముందటి చలికాలంలో మా స్వావా పోయింది. నెలల పిల్ల, మా ఒక్కగానొక్క పిల్ల, కోరింత దగ్గు. నేల గడ్డకట్టి పార దిగకపోతే, పొలం మూల బెర్గుర్ మంట పెట్టి, మన్ను కరిగించి, కాస్త లోతున పెట్టాడు.

జూలై మొదట్లో సంఘం మీటింగు జరిగింది. ఆడవాళ్ళకు అందులో నోరు లేదు కాబట్టి మేం ఇంట్లోనే ఉన్నాం. బెర్గుర్ తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని పంచదార ముక్క పళ్ళమధ్య పెట్టుకుని కాఫీ తాగాడు. చెప్పడానికి ఇష్టంలేని మాట ఉంటే ఆ ముక్క కరిగేదాకా ఆగేవాడు. ఆవేళ అది కరిగాక ఇంకోటి తీసుకున్నాడు.

"ఏం తేల్చారు?" అంది అత్తమ్మ, మేజోడు అల్లుతూ.

"పొలాల్లో ఉన్నవాళ్ళందర్నీ మెరకమీదికి తెచ్చేద్దామన్నాడు పాస్టరుగారు. బాగానే ఉందన్నారు అందరూ. ముందు ఎవర్ని అనేసరికి ఒక్కడు నోరు మెదపలేదు. సంఘం పెద్దని, నేనూ నేలచూపులు చూస్తే ఏం బావుంటుంది?"

"ఏమన్నావురా?"

"మా స్వావాని తెస్తానన్నాను."

అత్తమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. నేను నిలబడి ఉన్నదాన్ని అలాగే నిలబడ్డాను.

"దాన్ని ఆ దగ్గు బతికినన్నాళ్ళూ పడుకోనిచ్చిందట్రా?" అంది అత్తమ్మ. "నా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంటే ఏదో కాస్త కునుకు తీసేది. పోయినరోజే కదా అది మొదటిసారి వెల్లకిలా పడుకుంది. ఇప్పుడు లేపి కాపలా పెడతావా?"

"అమ్మా, అవన్నీ పాతదేశం కబుర్లు. అవి సముద్రం దాటి రావు."

"మనం రాలేదూ?"

బెర్గుర్ నా వైపు చూశాడు. "నువ్వేమంటావ్?"

"నన్నడిగి మాటివ్వాల్సింది" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"అందుకే అడగలేదు." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంగున్, పెళ్ళికొచ్చి, బాప్తిస్మానికొచ్చి, చావుకి రామంటే ఇంక అదేం చర్చి? కొట్టం నయం. ఎవరో ఒకరు ముందు పడాలి. నాకు కాస్తయినా నమ్మకముంటే నా పిల్లనిస్తానా చెప్పు?"

అతను నిజమే చెబుతున్నాడని తెలుసు. అది తెలిసినా ఆ రాత్రి అతని పక్కన పడుకోబుద్ధి కాలేదు.

నేను బతిమాలాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. అతను దేనికీ కరగలేదు. అత్తమ్మ మాత్రం ఒక్కసారి అని ఊరుకుంది. అంత తొందరగా తగ్గే మనిషి కాదు ఆవిడ. కొడుకు మాట పోతుందని సర్దుకుందేమో అనుకుని నేను లోపల్లోపల ఆవిణ్ణి తిట్టుకున్నాను.

గడ్డి కోతల రోజుల్లో పని కానిచ్చేయాలనుకున్నారు. చర్చికి తెచ్చిన కలపలో మిగిలిన పలకలతో బెర్గుర్ చిన్న పెట్టె చేసి తెల్లరంగు వేశాడు. మొదటిసారి పెట్టింది వట్టి సామాన్ల పెట్టెలో. అది అతని మనసులో ఉండిపోయిందని ఆ రంగు వేయడం చూశాకే నాకు తెలిసింది.

మాలో పోయినవాళ్ళని కడగడం, పెట్టెలో పడుకోబెట్టడం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు ఆ దరిదాపుల్లో ఉండరు. ఆ పొద్దున బెర్గుర్, ఇంకో ఇద్దరు కలిసి పొలం మూల తవ్వి పాత పెట్టెని గడ్డిమీద పెట్టగానే అత్తమ్మ చేతులు పైకి మడుచుకుని వచ్చింది.

"ఇంక మీరు పొండి. కోత ఉంది కదా. నేను చూసుకుంటాను."

"నేనుంటాను అత్తమ్మా" అన్నాను.

"ఇన్నాళ్ళయింది. తల్లి చూడకూడదు. వెళ్ళు."

నేను వెళ్ళిపోయాను. నాకు చూసే ధైర్యం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మేం అవతల గట్టున గడ్డి కోస్తున్నాం. ఇక్కడ ఏడుపదుల మనిషి ఒక్కతే ఆ రెండు పెట్టెల మధ్య కూర్చుంది. దూరం నుంచి ఆవిడ తలగుడ్డ కనబడుతూ ఉంది, కాసేపటికి మేకులు కొట్టే చప్పుడు వినబడింది. మేం వచ్చేసరికి తెల్లపెట్టె బిగించి ఉంది. పాత గొయ్యి కూడా పూడ్చేసి ఉంది. అత్తమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

"నేను పూడ్చేవాణ్ణి కదమ్మా" అని కసిరాడు బెర్గుర్.

"నీకు కోత ఉందిగా. ఇదిగో, ఈ మూల ఎప్పుడూ నాగలి పెట్టకు. ఒకసారి మనిషి పడుకున్న చోటు."

పెట్టలేదు.

తెల్లపెట్టెను బండెక్కించకుండా అతనే చంకలో పెట్టుకుని మెరక ఎక్కాడు. సగం దూరంలో ఆగి చెయ్యి మార్చుకున్నాడు. "బరువుగా ఉంది" అన్నాడు నాతో. ఆ మాటలో ఏదో మురిపెం ఉంది, బతికున్న పిల్ల ఒళ్ళు చేసిందన్నట్టు. పలకలు కప్పిన గొయ్యి పక్కనే చిన్న గొయ్యి తీశారు. ఊరంతా వచ్చింది. పాస్టరుగారు మూడుసార్లు మన్ను వేసి, మట్టి నుంచి వచ్చావు అంటూ చెప్పాల్సినవి చెప్పాడు. మగవాళ్ళు టోపీలు పెట్టుకుంటూ ఊపిరి వదలడం వినిపించింది. మా ఇంటి నుంచి ఒకరు వెళ్ళిపోయారు కాబట్టి ఇంక వాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరు వెళ్ళినా ఫరవాలేదు.

అప్పటినుంచి నాకు నిద్ర పోయింది. పడుకుంటే పిల్ల పెట్టెలో కళ్ళు తెరుచుకుని ఉన్నట్టు తోచేది. ఏడవడం తెలిసిన పిల్ల, మాటలు రాని పిల్ల. కాపలా అంటే ఏమిటో దానికి ఎవరు చెబుతారు? పాలు పిండుతున్నా, రొట్టె చేస్తున్నా చూపు మెరకమీదికే పోయేది. అక్కడ కంచె, గేటు, కొత్త చర్చి తెల్లగా నిలబడి ఉండేవి. చుట్టూ గడ్డి ఊగుతూ ఉండేది, అది తప్ప ఏమీ లేదు. అత్తమ్మ నన్ను చూస్తూ ఉండేది. ఒకసారి కాఫీ గిన్నె నా ముందు పెట్టి, "పిల్ల బానే ఉందే అమ్మాయ్" అంది. ముసలివాళ్ళ ఓదార్పు మాట అనుకున్నాను.

రన్వేగ్ ఒకరోజు రొట్టె పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ఆవేళ ఆడలేదు. "కోతలయ్యాక మా ముసలాణ్ణి ఆ గోతిలోకి తెచ్చుకుంటాం. మీ పాప ముందు వెళ్ళి మా బరువు దించింది. మీ ఇంటి రుణం మేం తీర్చుకోలేం" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదిలించుకుని బయటికి తోసెయ్యాలనిపించింది. కాఫీ పోసి ఇచ్చాను.

ఆగస్టులో చర్చికి బావి తవ్వడం మొదలుపెట్టారు. ఆదివారాలు గుర్రాలకు నీళ్ళుండటం లేదని బెర్గుర్ పట్టుబట్టాడు. లోతు పెరిగేకొద్దీ అడుగున చెడుగాలి చేరుతుందని పొద్దున్నే దీపం దింపి, అది ఆరకుండా ఉంటేనే దిగేవాళ్ళు. ఆరోజు పొద్దున దింపి చూశారు. భోజనాలయ్యాక చూడలేదు. కింద పార మర్చిపోయానని బెర్గుర్ దిగాడు. పారకోసం వంగినవాడు మళ్ళీ లేవలేదు. పైనున్నవాళ్ళు తాడు కట్టుకుని దిగి లాగేసరికి చెడుగాలి తన పని చేసేసింది. అతని ఒంటిమీద చిన్న గీత కూడా లేదు.

బల్లమీద పడుకోబెట్టారు. మగవాళ్ళు బయటికి వెళ్ళారు. నేనూ అత్తమ్మా నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. ఆవిడ కాళ్ళు కడుగుతోంది, నేను చేతులు. గోళ్ళలో మన్ను ఉంటే సూదితో తీస్తున్నాను. నాకు ఏడుపు రావడం లేదు.

"వీణ్ణి మన పొలంలో పెడదాం" అంది అత్తమ్మ.

"ఎందుకు? స్వావా అక్కడుంటే ఇతనొక్కడూ ఇక్కడెందుకు?"

ఆవిడ తడిగుడ్డ పిండి, మళ్ళీ ముంచి, మళ్ళీ పిండింది. "స్వావా అక్కడ లేదు" అంది.

నేను సూది కింద పెట్టాను.

"తెల్లపెట్టెలో ఉన్నది రాయి. చర్చి పునాదులకు తెచ్చినవాటిలో మిగిలింది. నీ బూడిదరంగు శాలువా చుట్టి పెట్టాను. పిల్ల ఉన్నచోటే ఉంది. పాత మూత నేను తియ్యను కూడా తియ్యలేదు. దాన్ని లేపలేదు."

భర్త శవం ముందు కూర్చున్న మనిషికి సంతోషం కలిగిందంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఏమైనా అనుకోండి, నాకు కలిగింది. పిల్ల నిద్రపోతోంది. ఈ వేసవంతా అది నిద్రపోతూనే ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. అత్తమ్మ నా వీపుమీద చెయ్యి వేసింది. ఆవిడకు మాత్రం సంతోషం లేదు. ఎందుకు లేదో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

మెరకమీద ఇప్పటికి ఎవరూ లేరు. ఉన్నది రాయి. ఇప్పుడు వెళ్ళేవాడే మొదటివాడు.

"ఇక్కడే పూడ్చేద్దాం" అంది ఆవిడ మళ్ళీ, కొడుకు మొహంవైపు చూడకుండా. "కోతలయ్యాక ఇల్లుగి ఎలాగూ వెళ్తాడు. ముసలాడు, అన్నీ అనుభవించి పోయాడు. వాడు వెళ్ళాక వీణ్ణి పంపుదాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

నేను సరే అన్నట్టే తలూపాను. నిజంగానే సరే అనుకున్నాను.

సాయంత్రం పాస్టరుగారు, రన్వేగ్ వచ్చారు. రన్వేగ్ వస్తూనే వంటగదిలో దూరి పొయ్యి రాజేసి, అందరికీ కాఫీ పెట్టింది. పాస్టరుగారు టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. కళ్ళు వాచి ఉన్నాయి. బెర్గుర్ లేకపోతే తనకా చర్చి లేదని ఆయనకూ తెలుసు.

"ఇల్లుగిగారి కోసం తీసిన గొయ్యి ఉంది" అన్నాడు. "రన్వేగమ్మ ఇస్తానంటోంది. పాప పక్కనే అవుతుంది. కాదు, పొలంలోనే పెట్టుకుంటాం అంటారా, ఈసారి నేను ఒక్క మాట కూడా అనను. మీ ఇష్టం."

"ఇవ్వక చస్తానా?" అంది రన్వేగ్ గిన్నెలు బల్లమీద పెడుతూ. "మా ముసలాడికి తొందరేముంది? వాడెక్కడైనా నిద్రపోతాడు." చేతిగుడ్డతో కళ్ళు తుడుచుకుని, పంచదార డబ్బా నా వైపు జరిపింది. "వాడికి జాగారం తప్పించిన ఇల్లు ఇది."

అత్తమ్మ నన్నే చూస్తోంది. నేను రన్వేగ్ చేతుల్ని చూశాను. పొయ్యిమసి అంటి ఉంది. నిద్రమొహం అని నవ్వుతూనే ఎంత జాగ్రత్తగా ఆ ముసలాణ్ణి కొట్టం వెనకాల దాచుకుందో గుర్తొచ్చింది. నేను ఊరుకుంటే, శరత్తులో ఆవిడే స్వయంగా బండి కట్టించి, నన్ను దీవించుకుంటూ ఇల్లుగిని తీసుకెళ్ళి ఆ జాగారంలో పెడుతుంది. బెర్గుర్ బల్లమీద ఉన్నాడు. అతనైతే ఏమనేవాడో నాకు తెలుసు. ముందు మా ఇంటివాళ్ళే అని మీటింగులో ఒకసారి అన్నాడు కూడా.

"పాప పక్కనే" అన్నాను.

అత్తమ్మ కాఫీ గిన్నె కింద పెట్టింది. పాస్టరుగారు నిట్టూర్చి, పొద్దున్నే బండి పంపిస్తానన్నాడు.

ఆ పలకలు తీసినప్పుడు అడుగున వాననీళ్ళు ఉన్నాయి. మగవాళ్ళు తోడిపోసి, పొడి గడ్డి పరిచారు. ఊరు ఊరంతా ఏడ్చింది, ఒక్కరు కూడా భయపడలేదు. గొయ్యి అంచుదాకా వచ్చి, వంగి, తలా గుప్పెడు మన్ను వేశారు. అత్తమ్మ అందరికన్నా చివర వేసింది. గేటు దాటాక నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది. గుమ్మంలో అంది: "కోపం లేదే అమ్మాయ్. నీ బిడ్డని నేను తప్పించాను. నా బిడ్డని నువ్వు తప్పించలేకపోయావు. అంతే."

ఆ మాట తర్వాత మేమిద్దరం చాలా ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకరినొకరు బాగానే చూసుకున్నాం. ఇద్దరికీ రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పట్టడంలేదని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం కాదు. పోయేముందు తనని పొలం మూలే పెట్టమంది. సంఘం పెద్ద తల్లి చర్చి మెరకని కాదనడమేమిటని ఊళ్ళో పెదవి విరిచారు. విరవనిచ్చాను. అక్కడ ఇప్పుడు ఆవిడ ఉంది, ఆవిడ పక్కన పిల్ల ఉంది. నాగలి ఇప్పటికీ ఆ మూలకి పోదు.

మెరక ఇప్పుడు నిండిపోయింది. ఇల్లుగి వచ్చాడు, రన్వేగ్ వచ్చింది, మాగ్నూస్ పాస్టరుగారు కూడా వచ్చాడు. ఆయనకు చివరిదాకా ఆ శ్మశానం మీద గర్వమే. రాళ్ళమీద పేర్లు చదువుకుంటూ వెళ్తే పాతవరసలో తెల్లరంగు పోయిన చిన్న శిలువ, దాని పక్కన పెద్దది. మా ఊరి చర్చి కథ చెప్పేవాళ్ళు ఎవరైనా, మొదటి సమాధి సంఘం పెద్ద కూతురిది అని అక్కడే మొదలుపెడతారు. నేను దిద్దను.

ఇప్పటి కుర్రాళ్ళకు వోకుమాదుర్ అంటే పేరు కూడా తెలీదు. నాకైనా నమ్మకమా అంటే ఏం చెప్పను? బెర్గుర్ నమ్మలేదు, నమ్మనివాడికి అది అంటదేమోనని కొన్నిసార్లు మనసుకి సర్దిచెప్పుకుంటాను. ఎంత సర్దుకున్నా, ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ బళ్ళెక్కుతుంటే నా కాళ్ళు అటే పోతాయి. అతను మేలుకునే ఉంటే, పక్కన కూతురు పడుకుని ఉందనే అనుకుంటూ ఉంటాడు. దాన్ని ముందు పంపి తప్పు చేశానేమో, ఈ కాపలా ఇన్నాళ్ళూ అది కాసిందేమో, ఇప్పుడు నేనొచ్చాను కాబట్టి ఇక పడుకుందేమో అనుకుంటూ ఉంటాడు. అక్కడ ఎవరూ లేరు, అది ఇంటిదగ్గరే ఉంది అని ఒక్క మాట చెబితే చాలు. అది చెబుదామనే ప్రతివారం వెళ్తాను. వెళ్ళి నిలబడ్డాక, ఆ పెట్టెలో ఉన్నది రాయి అని అతనికి ఎలా చెప్పను? ఆ మాట చెబితే ఇంక అతనికి అక్కడ తోడెవరు? కాసేపు గడ్డి పీకి, మట్టి సర్ది, చప్పుడు చెయ్యకుండా గేటు వేసుకుని వచ్చేస్తాను.